బ్యాక్ బటన్ ఫోకస్: తాళి కట్టే టైంలో ఫోటో బ్లర్ అవుతోందా..? కెమెరా వెనకున్న ఈ చిన్న బటన్ సంగతి తెలుసుకోండి..

పెళ్లి మండపంలో గట్టిమేళం మోగుతోంది. వరుడు తాళి కడుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా అక్షతలు వేశారు. సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫర్ షట్టర్ నొక్కాడు. లెన్స్ ముందుకీ వెనక్కీ తిరిగింది, ఒక్క క్షణం తడబడింది, ఆ తర్వాతే క్లిక్‌మంది. స్క్రీన్‌పై చూసుకుంటే వధువు ముఖం మసక మసకగా ఉంది. గాల్లో ఎగిరిన అక్షతలు, మధ్యలో అడ్డొచ్చిన ఓ చెయ్యి మాత్రం అద్దంలా కనిపిస్తున్నాయి. అప్పటికే మూడు ముళ్లూ పడిపోయాయి. మళ్లీ కట్టమని ఎవర్ని అడుగుతాం..?

పెళ్లిళ్ల సీజన్‌లో కెమెరా పట్టుకున్న చాలామందికి ఎదురయ్యే అనుభవమే ఇది. కొత్తగా డీఎస్ఎల్ఆర్ కొన్నవాళ్లు లెన్స్ బాగోలేదనో, కెమెరా పాతదైందనో అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం వేరే ఉంటుంది. ఫోకస్ చేయడం, ఫోటో తీయడం అనే రెండు పనుల్నీ ఒకే బటన్‌కి అప్పగించడమే ఆ కారణం. ఆ రెండింటినీ విడదీసే పద్ధతి పేరే ‘బ్యాక్ బటన్ ఫోకస్’. దీనికి కొత్త కెమెరా అక్కర్లేదు, కొత్త లెన్స్ అక్కర్లేదు. మెనూలో ఒకట్రెండు సెట్టింగ్స్ మారిస్తే చాలు. అయితే ఆ మార్పుకి చెయ్యి అలవాటు పడాలి. అసలు కష్టమంతా అక్కడే ఉంది.

ఒకే బటన్‌కి రెండు పనులు

మామూలుగా కెమెరా షట్టర్ బటన్ రెండు మెట్లలో పనిచేస్తుంది. సగం నొక్కితే ఫోకస్ అవుతుంది, పూర్తిగా నొక్కితే ఫోటో పడుతుంది. కదలకుండా కూర్చున్న మనిషిని తీయాలంటే ఇది హాయిగానే ఉంటుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే.. షట్టర్‌పై వేలు తీసి మళ్లీ నొక్కిన ప్రతిసారీ కెమెరా కొత్తగా ఫోకస్ వెతుక్కుంటుంది. ముందు ఫోటోకి ఫోకస్ చక్కగా కుదిరినా సరే, తర్వాతి ఫోటోకి మళ్లీ మొదటికే. ఆ వెతుకులాటలో ఫోకస్ పాయింట్ ముందుకి అక్షతలు వచ్చినా, పూలదండ వచ్చినా, పురోహితుడి చెయ్యి వచ్చినా లెన్స్ దాని మీదకే పోతుంది. మీకు వధువు ముఖం కావాలని కెమెరాకి ఎలా తెలుస్తుంది..?

సగం నొక్కి అలాగే పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది కదా అని కొందరు అడుగుతారు. నిజమే, కానీ సింగిల్ ఫోకస్ మోడ్‌లో ఉన్నప్పుడే. కెనాన్ దీన్ని వన్ షాట్ అంటుంది, నికాన్, సోనీ అయితే ఏఎఫ్-ఎస్ అంటాయి. నడిచొచ్చే మనిషిని, ఎగిరే పక్షిని తీయాలంటే ఈ మోడ్ కుదరదు. అప్పుడు కంటిన్యువస్ మోడ్‌కి వెళ్లాలి. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లో ఏఐ సర్వో, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సీ. ఈ మోడ్‌లో మాత్రం సగం నొక్కి పట్టుకున్నంత సేపూ ఫోకస్ మారుతూనే ఉంటుంది, లాక్ కాదు. అంటే ఎదురుకోలులో నడిచొస్తున్న వరుడికి ఒక మోడ్, పీటల మీద కూర్చున్నాక ఇంకో మోడ్. మండపంలో తోపులాట మధ్య మోడ్లు మార్చుకుంటూ కూర్చుంటే జీలకర్ర-బెల్లం కాస్తా అయిపోతుంది.

బొటనవేలికి ఫోకస్.. చూపుడువేలికి ఫోటో

బ్యాక్ బటన్ ఫోకస్‌లో షట్టర్ నుంచి ఫోకస్ పనిని పూర్తిగా తీసేస్తారు. ఆ పనిని కెమెరా వెనకాల, కుడిచేతి బొటనవేలు సహజంగా ఆనే చోట ఉన్న బటన్‌కి ఇస్తారు. ఇక నుంచి షట్టర్ ఎన్నిసార్లు నొక్కినా ఫోటో మాత్రమే పడుతుంది, లెన్స్ కదలదు. ఫోకస్ కావాలంటే బొటనవేలితో వెనక బటన్ నొక్కాల్సిందే.

కెమెరాని కంటిన్యువస్ మోడ్‌లోనే ఉంచేయాలి. ఈ పద్ధతిలోని మజా అంతా ఇక్కడే ఉంది. వెనక బటన్‌ని నొక్కి పట్టుకుంటే కెమెరా కదులుతున్న మనిషిని వెంటాడుతుంది. వదిలేస్తే ఫోకస్ అక్కడికక్కడే ఆగిపోతుంది, అచ్చం లాక్ చేసినట్టు. బటన్ ముట్టుకోకుండా లెన్స్ రింగ్ తిప్పితే మాన్యువల్ ఫోకస్ చేసినట్టే. కాకపోతే ఏఎఫ్ ఆన్‌లో ఉండగా రింగ్ తిప్పడానికి వీలిచ్చే లెన్స్‌లతోనే ఇలా చేయాలి. కిట్‌తో వచ్చే కొన్ని చవక లెన్స్‌లలో అలా బలవంతంగా తిప్పితే లోపలి మోటార్ దెబ్బతింటుంది. మొత్తమ్మీద ఇదివరకు మూడు మోడ్లు చేసిన పని ఇప్పుడు బొటనవేలు నొక్కడం, వదలడంతోనే అయిపోతుంది.

మళ్లీ మండపానికే వద్దాం. తాళి కట్టడానికి ముందే వధువు కళ్ల మీద పాయింట్ పెట్టి బొటనవేలితో ఫోకస్ చేసి వదిలేశారనుకోండి. ఆమె పీటల మీదే ఉంటుంది, మీరూ నిలబడ్డ చోటు మారలేదు. ఇప్పుడు అక్షతలు పడినా, చేతులు అడ్డొచ్చినా షట్టర్ నొక్కుతూ పోవచ్చు. లెన్స్ ఎటూ పోదు. అడ్డుతెర తీసే క్షణం కూడా ఇలాంటిదే. తెర మీదకి కాకుండా, తెర వెనకున్న ముఖం ఉండే దూరానికే ముందుగా ఫోకస్ చేసి పెట్టుకుంటే.. తెర దిగగానే నొక్కడమే మిగులుతుంది. అంతకుముందు అదే దూరంలో కూర్చున్న ఇంకెవరి మీదైనా ఫోకస్ చేసుకుని ఉంచుకుంటారు అనుభవమున్నవాళ్లు.

ఇది నిన్నమొన్నటి ట్రిక్ కాదు

సోషల్ మీడియా రీల్స్ చూస్తే ఇదేదో కొత్తగా కనిపెట్టిన సీక్రెట్‌లా చెబుతుంటారు కానీ, దీని వయసు మూడు దశాబ్దాలకు పైమాటే. బాడీలోనే ఆటోఫోకస్ మోటార్ పెట్టిన మినోల్టా 7000 కెమెరా 1985లో వచ్చి పెద్ద హిట్టయింది. కెనాన్ 1987లో ఈఓఎస్ సిరీస్ మొదలుపెట్టింది. షట్టర్ నుంచి ఫోకస్‌ని వేరుచేసి వెనక బటన్‌కి ఇచ్చే వెసులుబాటు 1989 నాటి ఈఓఎస్ 630లోనే ఉంది. అప్పుడు ఫిల్మ్ కాలం, రోల్‌కి 36 ఫోటోలే. ఒక్కో ఫ్రేమ్‌కి డబ్బులు పోయే రోజుల్లో ఫోకస్ తప్పితే ఎంత బాధో ఆ తరం ఫోటోగ్రాఫర్లని అడిగితే చెబుతారు. 1996లో వచ్చిన నికాన్ ఎఫ్5 కెమెరాకి వెనకాల ప్రత్యేకంగా ఏఎఫ్-ఆన్ బటనే ఇచ్చారు. స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్ల దగ్గర మొదలైన ఈ అలవాటు తర్వాత వైల్డ్‌లైఫ్ వాళ్లకీ, పెళ్లిళ్లు తీసేవాళ్లకీ పాకింది.

మీ కెమెరాలో సెట్ చేసుకోవడం ఎలా..?

ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టడంతో చాలామంది ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారు. నిజానికి వెతకాల్సినవి రెండే. షట్టర్ నుంచి ఫోకస్ తీసేసే ఆప్షన్ ఒకటి, వెనక బటన్‌కి ఫోకస్ ఇచ్చే ఆప్షన్ ఇంకొకటి.

కెనాన్ 1500డీ లాంటి ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్ అయితే ముందు మోడ్ డయల్‌ని పీ, టీవీ, ఏవీ, ఎం.. వీటిలో ఒకదానిపై పెట్టాలి. ఆటోలో ఉంటే ఈ మెనూ కనిపించదు. సెటప్ మెనూలో కస్టమ్ ఫంక్షన్స్‌లోకి వెళ్తే ‘షట్టర్/ఏఈ లాక్ బటన్’ అని ఉంటుంది. అందులో నాలుగు ఆప్షన్లు కనిపిస్తాయి. సున్నా అంటే మామూలు పద్ధతి. మూడో నంబర్, అంటే ‘ఏఈ/ఏఎఫ్, నో ఏఈ లాక్’ ఎంచుకుంటే షట్టర్ వెలుతురు కొలిచి ఫోటో తీస్తుంది, కెమెరా వెనక నక్షత్రం గుర్తున్న బటన్ ఫోకస్ చేస్తుంది. ఒకటో నంబర్‌తో కూడా ఫోకస్ వెనక్కి వెళ్తుంది కానీ, అందులో షట్టర్ సగం నొక్కగానే వెలుతురు కూడా లాకైపోతుంది. వీడియో లైట్లు అటూ ఇటూ తిరిగే మండపంలో అది ఇబ్బంది, కాబట్టి మూడే మేలు. పై స్థాయి కెనాన్ మోడళ్లలో, ఈఓఎస్ ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్‌లలో బటన్ కస్టమైజేషన్ మెనూకి వెళ్లి షట్టర్ హాఫ్ ప్రెస్‌కి ‘మీటరింగ్ స్టార్ట్’ మాత్రమే ఇవ్వాలి. ఏఎఫ్-ఆన్ బటన్ అక్కడ ఎలాగూ ఫోకస్ చేస్తుంది.

నికాన్ డీ3500, డీ5600 లాంటి వాటిలో ప్రత్యేకంగా ఏఎఫ్-ఆన్ బటన్ ఉండదు. వెనకాల ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ అని రాసున్న బటన్‌కే ఆ పని ఇవ్వాలి. మెనూలో ఆ బటన్‌కి ‘ఏఎఫ్-ఆన్’ ఎంచుకోగానే షట్టర్ నుంచి ఫోకస్ దానంతటదే పోతుంది. డీ500, డీ850, జెడ్6 లాంటి వాటిలో కస్టమ్ సెట్టింగ్స్‌లోని ఆటోఫోకస్ విభాగంలో ‘ఏఎఫ్ యాక్టివేషన్’ ఉంటుంది. దాన్ని ‘ఏఎఫ్-ఆన్ ఓన్లీ’ చేస్తే సరి.

సోనీ వాళ్లకి ‘ఏఎఫ్ విత్ షట్టర్’ అనే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయాలి. తర్వాత కస్టమ్ కీ మెనూలో వెనకున్న ఏఈఎల్ బటన్‌కో, నచ్చిన మరో బటన్‌కో ‘ఏఎఫ్ ఆన్’ ఇవ్వాలి. మీ మోడల్‌లో ‘ప్రీ-ఏఎఫ్’ ఉంటే అదీ ఆఫ్ చేసేయండి, లేకపోతే మీరు ఏ బటన్ నొక్కకపోయినా లెన్స్ కదులుతూనే ఉంటుంది. ఫ్యూజీఫిల్మ్‌లో ‘షట్టర్ ఏఎఫ్’ ఆఫ్ చేసుకుని, వెనక బటన్‌కి ‘ఏఎఫ్-ఆన్’ ఇవ్వడమే.

సెట్టింగ్ సరిగ్గా పడిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. టేబుల్ మీద ఒక గ్లాసు పెట్టండి. దాని వెనక రెండు మూడు అడుగుల దూరంలో గోడ ఉండాలి. గ్లాసు మీద పాయింట్ పెట్టి బొటనవేలితో ఫోకస్ చేసి వదిలేయండి. ఇప్పుడు కెమెరాని గోడ వైపు తిప్పి షట్టర్ నొక్కండి. గోడ మసగ్గా వస్తే మీ సెట్టింగ్ కరెక్ట్. గోడ స్పష్టంగా వచ్చిందంటే షట్టర్ ఇంకా ఫోకస్ పని వదల్లేదని అర్థం.

లాక్ చేశాం కదా అని నడిచేస్తే..

బొటనవేలు వదిలాక కెమెరా గుర్తుపెట్టుకునేది మనిషిని కాదు, దూరాన్ని. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కకపోతే మామూలు పద్ధతి కంటే ఎక్కువ ఫోటోలు పాడవుతాయి.

ఉదాహరణకి ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి అందరి దగ్గరా ఉండే 50 ఎంఎం లెన్స్ పెట్టి, అపర్చర్ ఎఫ్/1.8లో ఉంచి, 2 మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తున్నారనుకుందాం. లెక్క వేస్తే స్పష్టంగా కనిపించే లోతు మొత్తం కలిపి దాదాపు 17 సెంటీమీటర్లే. జానెడు కూడా లేదు. ఫోకస్ చేసి వదిలాక ఎవరో వెనక నుంచి తోస్తే మీరు ఒక్క అడుగు ముందుకు పడ్డా, ఎదుటి మనిషి కాస్త ముందుకు వంగినా ఫోకస్ పోయినట్టే. కెమెరా బీప్ కొట్టదు, హెచ్చరించదు. మసక ఫోటోలే వరుసగా తీసుకుంటూ పోతుంది. అందుకే కాస్త కదిలినట్టు అనుమానం వచ్చినా బొటనవేలితో ఇంకోసారి నొక్కాలి.

ఫోకస్ చేసి ఫ్రేమ్ మార్చుకోవడంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. మధ్య పాయింట్‌తో కళ్ల మీద ఫోకస్ చేసి, మనిషి ఒక పక్కకి వచ్చేలా కెమెరా తిప్పుతాం కదా. అలా 15 డిగ్రీలు తిప్పితే, పైన చెప్పిన 2 మీటర్ల దూరంలోనే ఫోకస్ సుమారు 7 సెంటీమీటర్లు వెనక్కి జారుతుంది. అంటే కళ్ల మీద ఉండాల్సింది చెవుల వైపు పోతుంది. ఎఫ్/8లో గ్రూప్ ఫోటో తీసేటప్పుడు ఇది ఎవరికీ తెలియదు, ఎఫ్/1.8లో క్లోజప్ తీస్తే మాత్రం వెంటనే కనిపిస్తుంది. అలాంటప్పుడు కెమెరా తిప్పే బదులు ఫోకస్ పాయింట్‌నే కళ్ల మీదకి జరుపుకోవడం మంచిది.

నికాన్ డీఎస్ఎల్ఆర్ వాడేవాళ్లకి ఇంకో విషయం. లెన్స్‌లో చేతి వణుకుని తగ్గించే వీఆర్ ఉంటుంది కదా, అది షట్టర్ సగం నొక్కినప్పుడే మొదలవుతుంది. వెనక బటన్ నొక్కితే మొదలవ్వదు. కాబట్టి బొటనవేలితో ఫోకస్ చేశాక షట్టర్‌ని ఒక క్షణం సగం నొక్కి ఉంచి, ఆ తర్వాత పూర్తిగా నొక్కాలి.

పక్షుల దగ్గర, రాత్రిపూట..

పెళ్లిళ్ల తర్వాత ఈ పద్ధతి బాగా అక్కరకొచ్చేది పక్షుల ఫోటోలకే. గుంటూరు దగ్గర ఉప్పలపాడుకో, నేలపట్టుకో వెళ్తే గూళ్ల దగ్గర కూర్చున్న గూడబాతులు కనిపిస్తాయి. కొమ్మలు, ఆకులు అడ్డంగా ఉంటాయి కాబట్టి షట్టర్‌తో ఫోకస్ చేస్తే లెన్స్ ఆ కొమ్మలనే పట్టుకుంటుంది. పక్షి కన్ను దొరికే సందు చూసుకుని ఒకసారి బొటనవేలు నొక్కి వదిలేస్తే అది కదలనంతసేపూ నిశ్చింత. ఉన్నట్టుండి రెక్కలు విప్పి లేచిందా.. మోడ్ మార్చే పనిలేదు, బొటనవేలు నొక్కి పట్టుకుని దాంతోపాటు కెమెరా తిప్పడమే. ఎగిరే పక్షి మనకి ఒకట్రెండు సెకన్ల టైం కూడా ఇవ్వదు. ఆ కాస్త టైంలో మెనూలోకి వెళ్లేవాడికి దొరికేది ఖాళీ ఆకాశమే.

రాత్రిపూట ట్రైపాడ్ మీద పెట్టి తీసేటప్పుడు కూడా అంతే. చీకట్లో ఆటోఫోకస్ తడబడుతుంది. దూరంగా ఉన్న లైటు మీద ఒకసారి ఫోకస్ చేసి వదిలేస్తే, ఆ తర్వాత రిమోట్‌తో నొక్కినా, టైమర్ పెట్టినా లెన్స్ మళ్లీ వెతుక్కోదు. దీపావళి తారాజువ్వలైనా, ఫ్లైఓవర్ మీద వాహనాల లైట్ల గీతలైనా ఇదే పద్ధతి. ఇంట్లో టైమర్ పెట్టి పరుగెత్తుకెళ్లి నిలబడే ఫ్యామిలీ ఫోటో కూడా.. ముందే అమ్మానాన్నల మీద ఫోకస్ చేసి వదిలేస్తే అందరూ స్పష్టంగా వస్తారు.

ఫోన్ వాడేవాళ్లకి ఇలాంటి బటన్ లేదు కానీ ఐఫోన్ కెమెరాలో స్క్రీన్‌పై వేలు కాసేపు నొక్కి ఉంచితే ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. దాదాపు అదే ఆలోచన.

మరి అందరికీ అవసరమా..?

అక్కర్లేదు. కంటిని గుర్తుపట్టి వెంటాడే ఐ-ఏఎఫ్ ఉన్న కొత్త మిర్రర్‌లెస్ కెమెరా మీ దగ్గరుంటే, ఎక్కువగా మనుషుల ఫోటోలే తీస్తుంటే, షట్టర్‌తోనే పని నడిచిపోతుంది. కెమెరానే కన్ను పట్టుకుంటుంటే బొటనవేలికి పెద్దగా పనుండదు. అయినా అడ్డాలు ఎక్కువున్న చోట ఆ కెమెరాలు కూడా తడబడతాయి, అందుకే వాటిలోనూ ఈ సెట్టింగ్ వాడేవాళ్లున్నారు. ఏడాదికి రెండుసార్లు తిరుపతికో, టూర్‌కో వెళ్లినప్పుడు మాత్రమే కెమెరా తీసేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. ఆర్నెల్లకోసారి చేత్తో పట్టుకుంటే బొటనవేలు నొక్కాలన్న సంగతి గుర్తుండదు. చేతులు చిన్నగా ఉన్నవాళ్లకి, పెద్ద లెన్స్ మోసేవాళ్లకి బొటనవేలు అలా బటన్ మీద ఉంచడం కష్టంగానూ అనిపించొచ్చు.

నేర్చుకోవాలనుకుంటే ఒక్కటే జాగ్రత్త. రేపు పెళ్లి ఉందనగా ఈరోజు రాత్రి సెట్టింగ్ మార్చొద్దు. కంగారులో పాత అలవాటే ముందుకొస్తుంది. చూపుడువేలు షట్టర్ నొక్కేస్తుంది, బొటనవేలు మర్చిపోతుంది, కార్డు నిండా మసక ఫోటోలు మిగులుతాయి. డబ్బు తీసుకుని చేసే పనిలో అది మాట పడే వ్యవహారం. కనీసం ఓ పది రోజులు ఇంట్లో పిల్లల్ని, వీధిలో కుక్కల్ని, వెళ్లే బైకుల్ని తీస్తూ చెయ్యి అలవాటు చేసుకున్నాకే ఫంక్షన్‌కి పట్టుకెళ్లాలి.

ఇంకోటి.. ఈ సెట్టింగ్ పెట్టుకున్న కెమెరాని వేరేవాళ్ల చేతికి ఇచ్చేటప్పుడు చెప్పి ఇవ్వాలి. ‘తమ్ముడూ, మా అందరికీ ఒక ఫోటో తియ్యి’ అని ఇచ్చేస్తే అతను పాపం షట్టర్ మాత్రమే నొక్కుతాడు, ఫోకస్ ఎక్కడుంటే అక్కడే. చాలా కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లలో డయల్‌ని ఆకుపచ్చ ఆటో గుర్తుకి తిప్పితే షట్టర్‌కి మళ్లీ ఫోకస్ వస్తుంది, కాబట్టి ఇచ్చేముందు అలా తిప్పి ఒకసారి సగం నొక్కి చూసుకుంటే చాలు. మిగతా కంపెనీల కెమెరాల్లో సెట్టింగ్ మార్చి ఇవ్వడమో, లేదంటే మీరే ముందుగా ఫోకస్ చేసి ‘ఇక్కడే నిలబడి నొక్కు’ అని చెప్పడమో చేయాలి.

సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. షట్టర్ సగం నొక్కితే లెన్స్ అసలు కదలట్లేదంటే, ఆటోఫోకస్ పోయిందని సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తే ముందు వెనక బటన్ ఒకసారి నొక్కి చూడండి. పాత ఓనర్ ఈ సెట్టింగ్ తీయకుండా అమ్మేసి ఉండొచ్చు. అప్పటికీ కదలకపోతే లెన్స్ పక్కనున్న స్విచ్ మాన్యువల్ మీద ఉందేమో చూసి, మెనూలో ‘రీసెట్’ కొట్టి, ఆ తర్వాతే రిపేర్ సంగతి ఆలోచించండి.